గోత్రం చెప్పని సంగతి జన్యుపోగు చెబుతుంది

మురమళ్ళ: గౌతమీ గోదావరి చెంత కొలువైన శ్రీ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి వారికి ఇక్కడ నిత్యకల్యాణం. పెళ్ళి కుదరక ఆలస్యమవుతున్న పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు దూరాభారాలకోర్చి వచ్చి, స్వామివారికి కల్యాణం జరిపించి వెళుతుంటారు. సంకల్పం వేళ అర్చకులు గోత్రనామాలు అడుగుతారు. ఎవరూ తడుముకోరు.

అయితే గోత్రం చెప్పలేని సంగతి ఒకటుంది. గోత్రం తండ్రి వైపు నుంచే వస్తుంది. మేనమామ గోత్రం వేరు కనుక మేనరికానికి అది అడ్డురాదు. కానీ అబ్బాయికి అమ్మమ్మా తాతయ్యా అయినవారే అమ్మాయికి నానమ్మా తాతయ్యా. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం బిడ్డకు చేరే జన్యుపదార్థం డీఎన్ఏ. దానికి గోత్రంతో పనిలేదు.

పీచు ఉండలాంటి పోగు

మనిషి శరీరంలోని ఒక్క కణంలో ఉన్న డీఎన్ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు ఉంటుంది. అంత పోగూ కంటికి కనిపించని కణంలో, ఏకని కొబ్బరిపీచులా ముడతలు పడి ఉంటుంది. దానిపై నాలుగే రకాల అక్షరాలు. తల్లి నుంచి 300 కోట్లకు పైగా, తండ్రి నుంచి అన్నే.

వీటిని చదవడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా పోగును చిన్న చిన్న ముక్కలు చేసి, చదివి, మళ్ళీ అతుకుతారు. ఇక్కడే ఒక చిక్కు. పెళ్ళి చదివింపుల పుస్తకాన్ని ముక్కలుగా చించి అతకమంటే ఏమవుతుంది? పేర్లున్న ముక్కలు కుదురుతాయి. "నూటపదహార్లు" అని మాత్రమే ఉన్న ముక్కలు ఎన్ని పంక్తులవో తేలదు. డీఎన్ఏలోనూ ఒకే మాట పదేపదే వచ్చే చోట్లున్నాయి.

లాకుల్లో పడవల వరుస

ఈ చిక్కు తీర్చడానికి పోగును చించకుండా, సాగదీసి చూసే పద్ధతి వచ్చింది. 1993లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ష్వార్ట్జ్ బృందం ఈస్టు డీఎన్ఏను సూక్ష్మదర్శిని కింద సాగదీసి పటం గీసింది. 2004లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు అతి సన్నని కాలువల్లోకి డీఎన్ఏను ఎక్కించి చూపారు. 2012 నాటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుయి-యాన్ క్వాక్ బృందం ఇలాంటి కాలువల వరుసలతో జన్యుపటాలు తయారుచేసింది.

డెల్టా వాసులకు ఇది తేలిగ్గానే బోధపడుతుంది. గోదావరిలో పడవ ఎటైనా తిరగగలదు. లాకు దాటి సన్నటి కాలువలోకి వచ్చిందంటే తిన్నగా, వరుసన సాగక తప్పదు. ఈ కాలువల వెడల్పు మిల్లీమీటరులో 20 వేలవ వంతు కన్నా తక్కువ. తలవెంట్రుక మందంలో వెయ్యో వంతుకైనా రాదు. కాలువ ముందు చిన్న స్తంభాల వరుస ఉంటుంది. విద్యుచ్ఛక్తి లాగుతుంటే పోగు ఆ స్తంభాల మధ్య చిక్కు విడి, కాలువలో నిటారుగా సాగుతుంది. ఆరు అక్షరాల ఒక మాట వచ్చిన చోటల్లా ముందే మెరిసే రంగు అంటిస్తారు. కెమెరా ఆ మెరుపుల మధ్య దూరాలు కొలుస్తుంది. లక్షన్నర అక్షరాలకు పైబడిన పోగులను ఇలా ఏకంగా చూడవచ్చు. ఎక్కడ పెద్ద ముక్క పోయిందో, ఎక్కడ అదనంగా చేరిందో, ఎక్కడ తిరగబడిందో తెలుస్తుంది.

చెయ్యి పైకి లేవని జబ్బు

దీనివల్ల ఒరిగేదేమిటి? ఒక ఉదాహరణ చాలు. ముఖం, భుజాల కండరాలు క్రమంగా క్షీణించే వంశపారంపర్య వ్యాధి ఒకటుంది. కళ్ళు గట్టిగా మూసుకోలేరు. చెయ్యి తలపైకి ఎత్తలేరు. 4వ జత పోగు చివర సుమారు 3,300 అక్షరాల ముక్క ఒకటి వరుసగా తిరిగి తిరిగి వస్తుంది. ఆరోగ్యవంతుల్లో అది 11 సార్లు, అంతకు మించి ఉంటుంది. ఈ వ్యాధి ఎక్కువమందిలో 10 లేదా అంతకు తక్కువ. ఆ పోగు చివరి భాగం ఒక ప్రత్యేక రకానిదైతేనే జబ్బు వస్తుంది. చదివింపుల పుస్తకంలో "నూటపదహార్లు" లెక్క తేల్చడమంటే ఇదే. సాగదీసిన పోగులో ఆ లెక్క తేటగా తెలుస్తుంది.

ఈ వ్యాధి మేనరికం వల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. ఇంటి శాపమని, ఎవరో చేయించారని కుమిలిపోయే కుటుంబానికి అసలు కారణం తెలియడం చిన్న మేలు కాదు.

మేనరికం సంగతి

మేనరికంలో భయం వేరు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ఇద్దరికీ ఏ బాధా ఉండదు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. దగ్గరి బంధువుల్లో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి లోపాలు చాలావరకు ఒకటి రెండు అక్షరాల తేడాలే. అవి సన్నకాలువ పటంలో కనిపించవు. అక్షరం అక్షరం చదవాల్సిందే. 2009లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన కె.తంగరాజ్ తదితరులు గుండె కండరపు జన్యువు ఒకదానిలో 25 అక్షరాలు లోపించడాన్ని బయటపెట్టారు. నూటికి నలుగురు భారతీయుల్లో ఉన్న ఈ లోపం గుండెజబ్బు ముప్పును పెంచుతుంది. ఆ 25 అక్షరాలు కూడా ఈ పటానికి అందవు. కాలువ పద్ధతి పెద్ద గండ్లు చూపుతుంది, అక్షర పఠనం చిన్న చిల్లులు చూపుతుంది. రెండూ కావాలి.

2025 జనవరిలో దేశవ్యాప్తంగా 10 వేల మంది జన్యుక్రమాల సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో జన్యువైద్య విభాగం ఉంది. సీడీఎఫ్‌డీ సంస్థ జన్యువ్యాధుల పరీక్షలు చేస్తోంది. కానీ ఇక్కడి రైతుకూలీకి హైదరాబాదు ప్రయాణమంటే పని మానుకోవాలి, అప్పు చేయాలి. రక్తం నమూనా దగ్గరలోనే తీసి పంపే ఏర్పాటు ప్రతి మండలానికీ ఉంటే ఎందరికో మేలు.

అంతవరకూ మనం చేయగలిగింది ఒకటుంది. సంబంధం ఖాయం చేసుకునే ముందు గోత్రంతో పాటు, రెండు వైపులా చిన్నతనంలో పోయిన బిడ్డలెవరు, నడవలేని వారెవరు, చూపులేని వారెవరు అని మొహమాటపడకుండా అడిగి, డాక్టరు చెవిన వేయాలి. స్వామివారి కల్యాణం చేయించి పెళ్ళి కుదిరిందని సంతోషించే ఇంట, రేపు పుట్టబోయే బిడ్డ క్షేమం కోసం ఆ నాలుగు ప్రశ్నలూ అడగడం తప్పు కాదు.