తోటను గుత్తకిచ్చిన తరువాత మాట తప్పితే?

మామిడి పూత మీద ఉండగానే తోటను వ్యాపారికి గుత్తకిచ్చి, కొంత బయానా పుచ్చుకొని, మిగిలిన సొమ్ము కోతనాటికి అందేటట్లు మాట్లాడుకోవడం కృష్ణగిరి జిల్లాలో వాడుక. ఆ మాటకు 1872 నాటి భారత ఒప్పందాల చట్టం వర్తిస్తుంది. అందులో మూడు సంగతులు రైతు కుటుంబాలు తెలిసికోదగినవి.

మొదటిది బదలాయింపు. కూడదని ముందే అనుకోకపోతే, వ్యాపారి తన కోత హక్కును మరొకరికి అమ్మవచ్చు. కాని బాకీ తీర్చే బాధ్యతను తోట యజమాని సమ్మతి లేనిదే ఇతరుల మీదికి నెట్టలేడు. హక్కుకూ బాధ్యతకూ గల ఈ భేదాన్ని 1962లో ఖర్దా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కనుక "ఇకమీదట ఆయననే అడగండి" అన్న మాటకు తొందరపడి "సరే" అనరాదు.

రెండవది, ఒప్పందం నెరవేర్చడం అసాధ్యం కావడం. ఇంగ్లండులో ఒక రైతు తన పొలంలో పండే బంగాళాదుంపలు 200 టన్నులు ఇస్తానన్నాడు. తెగులు సోకి సుమారు 80 టన్నులే చేతికి వచ్చాయి. తక్కినదానికి అతడు నష్టపరిహారం చెల్లించనక్కరలేదని 1876లో తీర్పు వచ్చింది. మన చట్టంలో 56వ సెక్షన్ ఇటువంటి సందర్భాలకే ఏర్పడినది. అయితే గాలివానకు కాయ రాలితే నష్టం ఎవరిదో ముందుగా వ్రాసుకొంటే ఆ వ్రాతే ప్రమాణం. ధర పడిపోవడం మాత్రం అసాధ్యం క్రిందికి రాదు. సైన్యానికి నెయ్యి సరఫరా చేసిన వారి కేసులో, ధరలు మారి భారం పెరిగినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడవది ఉల్లంఘన. వ్యాపారి కోతకు రాలేదని కాయను చెట్టుమీదనే పాడుకానిచ్చి మొత్తం సొమ్ము అడగడం చెల్లదు. దొరికిన ధరకు అమ్మి, తగ్గిన మేరకు అడగాలి. ఉదాహరణకు 2,00,000 రూపాయల గుత్త, తరువాత 1,40,000 పలికిందనుకొందాం. నష్టం 60,000. బయానా 20,000 ముందే అంది ఉంటే, రావలసినది 40,000. మాట తప్పిన నాటినుండి మూడేళ్లలోగా దావా వేయాలి.

నోటిమాట కూడా చెల్లుతుంది గాని, రుజువు చేయడం కష్టం. పత్రం తమిళంలో ఉన్నందున అర్థం కాలేదన్నంత మాత్రాన చేసిన సంతకం చెల్లకపోదు. ఇంట తమిళం చదువుకొన్న పిల్లలుంటే, సంతకానికి ముందే పత్రాన్ని చదివించి ప్రతి షరతునూ తెలుగులో చెప్పించుకోవాలి. వివాదం వచ్చినప్పుడు మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవా సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.