అగ్రిమెంటు రాసిన చేయి

ఎరువులు, విత్తనాలు, ట్రాక్టర్లు, బోరు మోటార్లు... నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు బజార్లలో దుకాణం ఎవరిదైనా బోర్డు మీది పేరు మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీది. ఆ పేరు వాడుకోవడానికి డీలర్ అగ్రిమెంటు మీద సంతకం పెడతాడు, డిపాజిట్ కడతాడు, తరచూ తేదీ వేయని చెక్కులూ ఇస్తాడు. బాకీ పేరుకున్నా, పక్క వీధిలో మరొకరికి డీలర్‌షిప్ ఇచ్చినా తగాదా మొదలవుతుంది.

ఫ్రాంచైజీలకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆధారం. అందుకే కంపెనీ వకీలు పనితనం కోర్టులో కంటే అగ్రిమెంటు రాతలోనే ఎక్కువ కనబడుతుంది.

మొదటి పేచీ ఏ ఊరి కోర్టు అన్నదే. డీలర్‌కు ఆత్మకూరు దగ్గర. కాగితంలో చెన్నై అనో ముంబయి అనో ఉంటుంది. సేలం వ్యాపారికీ ఏబీసీ లామినార్ట్‌కూ నడిచిన కేసులో, ఒప్పందంలో గుజరాత్‌లోని ఖేడా పేరున్నా ‘మాత్రమే’ వంటి మాట లేదు గనుక సేలంలో దావా చెల్లుతుందని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. స్వస్తిక్ గ్యాసెస్–ఇండియన్ ఆయిల్ తీర్పుతో 2013లో ఆ ఊరట పోయింది. ఆ మాట లేకపోయినా, ఒక ఊరి పేరు రాసుకుంటే మిగతావి వద్దనుకున్నట్టే. అయితే వ్యవహారంతో సంబంధమే లేని ఊరిని ఎంచుకోవడం కుదరదు. చెక్కు చెల్లకపోతే మాత్రం, 2015 సవరణ ప్రకారం, డబ్బు రావలసినవారి ఖాతా ఉన్న చోటే కేసు. దూరం డీలర్‌దే.

విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించిన ఫ్రాంచైజీ, పంపిణీ తగాదాలు 2018 సవరణ తర్వాత వాణిజ్య కోర్టుల పరిధిలోకి వచ్చాయి. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేని దావాకు ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరి.

డీలర్‌కు గట్టి దెబ్బ రద్దు నోటీసు. అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో రద్దు సరైనది కాదని తేలినా, 30 రోజుల నోటీసుతో ముగించగల ఒప్పందం గనుక డిస్ట్రిబ్యూటర్‌షిప్ తిరిగి ఇప్పించలేమనీ, ఆ 30 రోజుల నష్టమే దక్కుతుందనీ సుప్రీంకోర్టు తేల్చింది. గోడౌను కట్టడానికి తెచ్చిన అప్పుకు ఆ లెక్కలో చోటు లేదు. న్యాయమో కాదో గానీ, నేటికీ కంపెనీ వకీళ్లు ముందు తీసే తీర్పుల్లో ఇదొకటి. ఒప్పందం నడుస్తుండగా పోటీ సరుకు పట్టకూడదన్న షరతూ చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్–కోకాకోలా తీర్పు చెప్పింది. గడువు తీరాక కూడా కట్టేసే షరతును మాత్రం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఒప్పుకోదు.

అగ్రిమెంటుతో కట్టిన ఈ కంచుకోట కొనుగోలుదారు ముందు నిలవదు. విత్తనం మొలవలేదని ఆంధ్రప్రదేశ్ రైతులు ఫిర్యాదు చేస్తే, విత్తన చట్టం ఉండగా వినియోగదారుల ఫోరానికి పరిధి లేదనీ, నమూనా పరీక్ష జరగలేదనీ జాతీయ విత్తన సంస్థ వాదించింది. కొన్న విత్తనమంతా చల్లేసే రైతు నమూనా ఎక్కడ దాస్తాడు? 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఉదయగిరి రైతుకు నెల్లూరు కమిషన్ చాలు.

ఉదయగిరిలో తయారీదారులూ ఉన్నారు. ఇక్కడి చెక్క గరిటెలు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరుతో నకిలీ అమ్మితే దావా జిల్లా కోర్టులో వేయాలి. కానీ అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోని కళాకారుడికి ఆ గుర్తింపు కింద దావా వేసే హక్కు రాదు.