రెండేళ్లు చాలన్నారు... నలభై ఏళ్లు లాగింది!

పిల్లలున్న ఇళ్లలో థామస్‌ను పరిచయం చేయక్కర్లేదు. కార్టూన్లలో కనిపించే నీలిరంగు చిట్టి ఇంజిన్ అది. పెద్ద రైళ్లకు బోగీలు తెచ్చి తగిలించడం కథలో దాని మొదటి ఉద్యోగం. నిజజీవితంలోనూ అలాంటి ఇంజిన్లు వేలల్లో పనిచేశాయి. ప్రయాణికులు పట్టించుకోని ఆ షంటింగ్ ఇంజిన్లలో ఒకదాని కథ ఇది.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. రేవుల్లో, ఆయుధ డిపోల్లో వ్యాగన్లను అటూ ఇటూ జరిపే ఇంజిన్లు బ్రిటన్‌కు అర్జెంటుగా కావాలి. చూస్తే ఉక్కుకు కరవు, పనివాళ్లకు కరవు. లీడ్స్ నగరంలోని హన్‌స్లెట్ కంపెనీ ఓ ఉపాయం చెప్పింది. తన పాత నమూనానే సాదాగా మార్చింది. ఖరీదైన పోత ఉక్కు బదులు చక్రాలకు పోత ఇనుము వాడింది. రెండేళ్లు గట్టిగా పనిచేస్తే చాలనుకున్నారు. పేరు కూడా అలాంటిదే... ఆస్టెరిటీ, అంటే పొదుపు!

1943లో మొదటి ఇంజిన్ పట్టాలెక్కింది. ఒక్క కంపెనీ వల్ల కాక మరికొన్ని కంపెనీలూ తయారీలో చేయివేశాయి. సైన్యం కోసమే 377 తయారయ్యాయి. కొన్ని సముద్రం దాటి యూరప్‌కూ వెళ్లాయి.

వీపు మీద నీళ్లు!

ఎక్స్‌ప్రెస్ ఇంజిన్ చక్రం మనిషి ఎత్తును మించి ఉంటుంది. దీని చక్రం నాలుగడుగుల మూడంగుళాలే. గేర్ల సైకిల్‌పై ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేస్తాం కదా, ఇదీ అంతే. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. ఉన్న ఆరు చక్రాలూ ఆవిరితో తిరిగేవే. కాబట్టి 48 టన్నుల బరువంతా పట్టాలపై పట్టుకే ఉపయోగపడుతుంది. ఇంజిన్ పొట్టిగా ఉండటంతో యార్డుల్లోని మెలికల్లోనూ సులువుగా తిరుగుతుంది.

మామూలు ఇంజిన్లు వెనక వేరే బండిలో బొగ్గు, నీళ్లు మోసుకెళ్తాయి. గంటకు పదిసార్లు వెనక్కీ ముందుకీ తిరిగే ఇంజిన్‌కు ఆ బండి అడ్డం. అందుకే బాయిలర్ వీపు మీద గుర్రపు జీనులా 1200 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు అమర్చారు. డ్రైవర్‌కు రెండువైపులా పట్టాలు కనిపించేవి. కింద వ్యాగన్ల మధ్య కొక్కెం కర్రతో గొలుసులు తగిలించే కార్మికుడి ప్రాణం ఆ చూపు మీదే ఆధారపడి ఉండేది. రాత్రివేళ, వానలో, అతని చేతిలో ఊగే లాంతరే సిగ్నల్.

బొగ్గు గనే పుట్టిల్లు

యుద్ధం ముగిసింది. రెండేళ్ల గడువూ తీరింది. ఇంజిన్లు మాత్రం అలసిపోలేదు! 1946లో ఓ బ్రిటిష్ రైల్వే కంపెనీ 75 కొనుక్కుంది. నెదర్లాండ్స్ 27 తీసుకుంది. బొగ్గు గనులైతే కొత్తవి కూడా చేయించుకున్నాయి. అలా 1964 వరకూ మొత్తం 485 తయారయ్యాయి.

ఈలోగా డీజిల్ వచ్చింది. ఆవిరి ఇంజిన్‌ను తెల్లవారుజామునే రాజేయాలి. పనిలేక నిలబడ్డా బొగ్గు తింటూనే ఉంటుంది. మసి దులపాలి, బూడిద తీయాలి. డీజిల్‌కు ఆ బాధలేవీ లేవు. 1952 నుంచి పదేళ్లలో బ్రిటిష్ రైల్వేలో ఒకే రకం డీజిల్ షంటర్లు 996 దిగాయి. 1968 ఆగస్టులో ప్రధాన మార్గాల మీద ఆవిరి శకం ముగిసింది.

గనుల్లో మాత్రం ముగియలేదు. పెరట్లో పాడి ఉన్న ఇంటికి పాలకు లోటేముంది? బొగ్గు గనిలో ఇంజిన్ మేతకూ అంతే. అందుకే 1980ల్లోనూ అక్కడ కొన్ని ఆస్టెరిటీలు పొగలు కక్కుతూ తిరిగాయి.

ఇప్పటికీ దాదాపు డెబ్భై మిగిలాయి. అభిమానుల సంఘాలు వాటిని వారసత్వ రైలుమార్గాల్లో కాపాడుకుంటున్నాయి. ఇంగ్లండ్‌లోని మిడ్ హాంట్స్ మార్గంలో అయితే ఒకదానికి వీపు మీది ట్యాంకు తీసేసి, పక్కన ట్యాంకులు బిగించి, నీలిరంగు పూసి... థామస్‌ను చేసేశారు! యుద్ధంలో రెండేళ్లు లాగితే చాలనుకున్న జాతి ఇంజిన్ అలా పిల్లల కేరింతల మధ్య కూత పెట్టింది.