నరానికెక్కించే ఇనుము

మా పెద్దమ్మని ఉద్దానంలో కవిటి పక్క పల్లెకిచ్చారు. ఆ కొబ్బరితోటల సీమలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లని తాకిందో మనకి తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మా పెదనాన్న వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు.

సంక్రాంతికి బొబ్బిలి వచ్చినప్పుడు మెట్లెక్కలేక మా అరుగు మీదే కూలబడ్డారు. హిమోగ్లోబిన్ 7 ఉందట. "సైన్సు చదువుతున్నావు కదరా! ఇనుం బిళ్లలు మింగుతూనే ఉన్నారు. ఒక్కపూటలో పనైపోయే ఖరీదైన సూది ఉందంటున్నారు. ఆవుని అమ్మీమంటావా?" అంది పెద్దమ్మ. నాకు జవాబు తోచలేదు. మా లెక్చరరుగారిని అడిగి తెలుసుకున్నది మిత్రులకి మనవి చేస్తున్నాను.

రక్తకణాలు తయారవమని ఎముకల మూలుగకి కబురుపెట్టే ఎరిత్రోపోయిటిన్ మూత్రపిండాల్లోనే పుడుతుంది. అవి చెడితే ఆ కబురు ఆగిపోతుంది. పైగా డయాలసిస్ గొట్టాల్లో, పరీక్షల్లో పోయే రక్తంతో ఏడాదికి 1 నుంచి 3 గ్రాముల ఇనుము పోతుంది. మరి బిళ్లలు చాలవా? ఈ జబ్బులో హెప్సిడిన్ అనే పదార్థం పెరిగి, పేగుల దగ్గర ఇనుముకి తలుపు మూసేస్తుంది. అందుకే నరానికెక్కించాలి.

ఈ మందులు అనేకం. పాతదైన ఐరన్ డెక్స్‌ట్రాన్‌తో అరుదుగానైనా ప్రాణం మీదికొచ్చే రియాక్షన్ భయం ఉండేది. ఐరన్ సుక్రోజ్‌తో ఆ భయం తక్కువ. సాధారణంగా డయాలసిస్‌కి 100 మిల్లీగ్రాముల చొప్పున పదిసార్లు, ఆ గొట్టంలోనే ఇస్తారు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒకేసారి ఎక్కువ మోతాదు ఇవ్వొచ్చు, కాని ఖరీదెక్కువ. కొందరిలో రక్తంలోని ఫాస్ఫేటు తగ్గిస్తుంది. ఆసుపత్రికి పదేపదే రాలేనివారికి అది మేలే. వారానికి మూడుసార్లు వెళ్లేవారికి ఆ సదుపాయంతో పనేముంది?

అసలు సంగతి మందు పేరులో లేదు. గాదెలో ధాన్యమెంతుందో చూడకుండా బస్తాలు కొంటామా? ఫెర్రిటిన్ పరీక్ష గాదె సంగతి చెబుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్ష, ఇనుముని మోసే బండి ఎంత నిండిందో చెబుతుంది. బ్రిటన్‌లో 2,141 మంది డయాలసిస్ రోగులపై జరిపి 2019లో ప్రకటించిన పివోటల్ పరిశోధనలో, నిల్వలు అడుగంటేదాకా ఆగకుండా, పరీక్షలు చూసుకుంటూ నెలకి 400 మిల్లీగ్రాముల ఐరన్ సుక్రోజ్ ఇచ్చినవారిలో మరణాలు, గుండెజబ్బులు కలిపి చూస్తే తక్కువగా కనిపించాయి. ఎరిత్రోపోయిటిన్ సూదుల వాడకం కూడా తగ్గింది. అయితే నిల్వలు మరీ పెరిగినా, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆపాల్సిందే.

"పోనీ, రక్తం ఎక్కించేస్తే?" అన్నాడు మా అన్న. అత్యవసరమైతే తప్పదు. కాని పరాయి రక్తం ఎక్కేకొద్దీ ఒంట్లో యాంటీబాడీలు పెరిగి, రేపు కిడ్నీ మార్పిడికి జత కుదరడం కష్టమవుతుంది. తన కిడ్నీ ఇస్తానంటున్నవాడు ఆ అన్నే! ఆ మాటకి ఇంట్లో అందరం నిశ్శబ్దమైపోయాం.

పెదనాన్నగారి డాక్టరు ఆ రెండు పరీక్షలూ చేయించి, ఐరన్ సుక్రోజ్‌తోపాటు ఎరిత్రోపోయిటిన్ మొదలుపెట్టారు. ఉగాదికి హిమోగ్లోబిన్ 9 దాటింది. మెట్లు మెల్లగా ఎక్కుతున్నారు. ఆవు ఇంకా పెద్దమ్మ సాలలోనే ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి రోగి ఉంటే, ఏ సూది గొప్పదని అడిగేముందు ఆ రెండు పరీక్షలెప్పుడు చేశారో అడగండి.