కాకతాళీయమా, కారణమా?

కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున తాటిపండు రాలి నేల పడినది. ఇట్టి సంఘటనను మన పూర్వులు కాకతాళీయమనిరి. పేరు పెట్టుట సులభమే. కాని మన కన్నులయెదుట జరిగినది కాకతాళీయమా, లేక దాని వెనుక కారణ మొకటి కలదా అని తేల్చుట సులభము కాదు. క్రొత్త మందు పుచ్చుకొన్న రోగికి జబ్బు నెమ్మదించును. క్రొత్త యెరువు వేసిన మడి బాగుగా పండును. అది మందు మహిమయా, లేక రోగి తనంతట తాను కోలుకొనవలసిన వాడేనా? ఎరువు గుణమా, లేక ఆ మడి సహజముగనే సారవంతమైనదా? ఈ సందేహమును తీర్చుటకు గణాంకశాస్త్రజ్ఞులు కనుగొనిన ఉపాయములలో మిక్కిలి సరళమైనది యాదృచ్ఛికీకరణ పరీక్ష. పేరు బరువైనదే గాని, చీట్లు వేయుట యెరిగిన వారికెల్ల విషయము బోధపడును.

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనుచోట నొక వ్యవసాయ పరిశోధనాలయము కలదు. 1919లో రొనాల్డ్ ఫిషర్ అచ్చట గణాంకవేత్తగా చేరెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, పిమ్మట కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరు పట్టము నందిన మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారికి గురువు ఈ ఫిషరే. రోథామ్‌స్టెడ్‌లో ఒకనాడు తేనీటి వేళ ఫిషర్ ఒక స్త్రీకి కప్పు నందింపగా, పాలు ముందుగా పోసి పిదప తేనీరు పోసినదే తనకు రుచించుననియు, రెంటి భేదమును తాను గుర్తింపగలననియు ఆమె చెప్పెనట. ఆమె మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలని చెప్పుదురు. ఆ మాటను నవ్వి త్రోసివేయక, పరీక్షించు మార్గమేదని ఫిషర్ ఆలోచించెను. 1935లో ప్రకటించిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ అను గ్రంథమున ఆ మార్గమును వివరించెను.

ఎనిమిది కప్పులు సిద్ధపరుపవలెను. నాలుగింట పాలు ముందు, నాలుగింట తేనీరు ముందు. వానిని ఏ వరుసలో అందింపవలెనో చీట్లు వేసి నిర్ణయింపవలెను. పాలు ముందు పోసిన నాలుగు కప్పులను ఆమె రుచి చూచి ఏరవలెను. ఎనిమిదింటిలో నాలుగింటిని ఏరుటకు 70 విధములు కలవు. భేద మేమియు తెలియకయే ఏరినచో, అన్నియు ఒప్పగుట 70లో ఒక్క విధముననే సాధ్యము. అనగా నూటికి ఒకటిన్నర కంటెను తక్కువ. కావున నాలుగును సరిగా ఏరినచో, అది కేవలము అదృష్టమని కొట్టివేయుట కష్టము.

మరి మూడు ఒప్పై, ఒకటి తప్పినచో? అట్లు జరుగుటకు 16 విధములు కలవు. అన్నియు ఒప్పైన విధమును కూడ చేర్చినచో 17. డెబ్బదిలో పదునేడనగా నూటికి ఇరువదినాలుగు. ఊహించి చెప్పువారిలో ఇంచుమించు నలుగురి కొకరికి ఆపాటి అదృష్టము పట్టును. మూడు ఒప్పులు మన కంటికి గొప్పగా తోచినను, లెక్కకు నిలువవు. కప్పులు ఎనిమిది కాక ఆరే యైనచో, మూడింటిని ఏరుటకు 20 విధములే యుండును. అప్పుడు అన్నియు ఒప్పైనను ఇరువదింట ఒకమారు అదృష్టము చేతనే జరుగవచ్చును. ఎన్ని కప్పులు కావలెనన్న సంగతి కూడ ఈ లెక్కయే ముందుగా చెప్పును.

ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. ఈ 70 అను సంఖ్య ఎచ్చటి నుండి వచ్చినది? తేనీటి స్వభావము నుండి కాదు, ఆమె నాలుక స్వభావము నుండియు కాదు. మనము వేసిన చీట్ల నుండి వచ్చినది. చీట్లు వేసినందుననే డెబ్బది విధములకును సమానావకాశము కలిగినది. అట్లు కాక, వడ్డించువాడు తన ఇచ్చవచ్చిన వరుసలో కప్పులు పెట్టినచో, ఆమె రుచిని గాక అతని అలవాటును కనిపెట్టి యుండవచ్చును. అప్పుడు 70లో ఒకటి అను మాటకు అర్థమే లేదు.

కొలతలతో కూడిన ప్రయోగములకును ఈ పద్ధతి వర్తించును. చార్లెస్ డార్విన్ 1876లో ప్రకటించిన గ్రంథమున మొక్కజొన్న ప్రయోగ మొకటి కలదు. పరపరాగ సంపర్కమువలన పుట్టిన మొక్కను, స్వపరాగ సంపర్కమువలన పుట్టిన మొక్కను జతపరచి, 15 జతల ఎత్తులను అతడు కొలిపించెను. పదుమూడు జతలలో మొదటి జాతి మొక్కయే ఎత్తు. రెండింట రెండవది ఎత్తు. సగటున భేదము రెండున్నర అంగుళములకు పైమాట.

ఈ అంకెలను ఫిషర్ మరల పరిశీలించెను. రెండు జాతులకును నిజముగా భేదమే లేదనుకొందము. అట్లయినచో ఒక్కొక్క జతలో ఎత్తైన మొక్క ఏ పక్షమున పడునన్నది బొమ్మ బొరుసు వంటిదే. పదునైదు జతలకు ఇట్టి అమరికలు 32,768 కలవు. డార్విన్ చూచినంత భేదముగాని, అంతకు మించిన భేదముగాని, ఏ పక్షమునకైనను సరే, వానిలో ఎన్నింట కలుగును? 1,726 అమరికలలో. అనగా నూటికి అయిదుంబావు. నూటికి అయిదుకు లోపలనున్న దానిని లెక్కింపదగినదిగా ఎంచుట శాస్త్రజ్ఞులలో వాడుక. ఇది ఆ గీటునకు ఆవలి ఒడ్డున నిలిచినది. ఆ గీటు మనుష్యులు గీచుకొన్నదే కనుక, కొంచెము ఆవలనున్నంత మాత్రమున సిద్ధాంతము అబద్ధ మగుననరాదు. అయితే డార్విన్ పద్ధతిలోని లోపమును ఫిషర్ దాచలేదు: జతలోని ఏ మొక్క ఎచ్చట నాటవలెనో చీట్లు వేసి నిర్ణయింపలేదు. లెక్క సరియైనను, దాని పునాది అంత గట్టిది కాదు.

మనుష్యుల ప్రాణములు పణముగా నున్నప్పుడు ఈ పునాది విలువ తెలియును. క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ పనిచేయునా అని బ్రిటనులో జరిపిన పరీక్ష 1948లో ప్రకటితమైనది. ఆ మందు అప్పుడు అచ్చట మిక్కిలి అరుదు. ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి చికిత్స మాత్రమే అన్నది వైద్యుల ఇష్టమునకు విడువక, యాదృచ్ఛిక సంఖ్యలచే నిర్ణయించి, మూసిన కవరులలో నుంచిరి. ఆరు నెలలలో మందు పొందిన 55 మందిలో 4గురును, పొందని 52 మందిలో 14గురును మరణించిరి. మందు నిష్ప్రయోజకమైనచో, మరణింపవలసిన ఆ 18 మందిలో నలుగురో అంతకు తక్కువ మందియో మాత్రమే మందు పక్షమున పడుట నూటికి ఒకటి కంటెను అరుదు. వైద్యులు తేలిక రోగులను ఏరి మందిచ్చిరన్న అనుమానమునకు కవరులు ముందే తావులేకుండ చేసినవి.

ఇరువది మంది చొప్పున రెండు జట్లుగా నలుబది మందిని విడదీయు విధములు 13,784 కోట్లకు పైన. అన్నింటిని చేతితో లెక్కించుట అసంభవము. కావున ఈ పరీక్ష చాలకాలము గ్రంథములలోనే యుండెను. వానిలో కొన్నింటినే యాదృచ్ఛికముగా ఏరి చూచినను చాలునని మేయర్ డ్వాస్ 1957లో చూపెను. నేడు గణకయంత్రము పదివేల అమరికలను క్షణములో కలిపి చూపగలదు.

అయినను ఈ పరీక్ష చెప్పనిది కూడ కలదు. కలిగిన మేలు చిన్నదా పెద్దదా, ఖర్చునకు తగినదా అన్నది అది చెప్పదు. కాకతాళీయము అసంభవమని కూడ అనదు. ఎంత అరుదో మాత్రమే చెప్పును. ఫలానా మందు ఇందరికి గుణమిచ్చినదని పత్రికలో చదివినప్పుడు, ఎందరికి అను ప్రశ్నతో ఆగిపోరాదు. పుచ్చుకొనని వారి సంగతి యేమి? ఎవరు పుచ్చుకొనవలెనో నిర్ణయించినది చీటియా, మనిషియా? ఈ రెండింటికి జవాబు దొరకినప్పుడే అంకెలకు విలువ కట్టవచ్చును.