వెబ్‌సైట్ మీది.. మరి తాళంచెవి ఎవరి దగ్గరుంది?

నిజామాబాద్ గంజ్‌లో మీకో పసుపు దుకాణం ఉందనుకుందాం. తెలిసిన కుర్రాడికి డబ్బులిచ్చి వెబ్‌సైట్ చేయించారు. బిల్లు పుస్తకం మీద, సంచుల మీద ఆ అడ్రస్సే వేయించారు. రెండేళ్ల తర్వాత ఓ పొద్దున సైట్ తెరుచుకోలేదు. కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఫోన్ నంబరు మారింది. రెన్యువల్ చేయించుకోమంటూ వచ్చిన మెయిళ్లన్నీ అతని పాత ఐడీకే వెళ్లాయి. డబ్బు కట్టడానికి మీరు సిద్ధమే. కానీ ఎవరికి కట్టాలో, ఏ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాలో తెలియదు.

షాపు, స్కూలు, క్లినిక్, సొసైటీ.. సైట్ ఉన్న ఎవరికైనా ఈ చిక్కు రావచ్చు. రాకుండా చూసుకోవడానికి మీరు ఇంజినీరు కానక్కర్లేదు. కొన్ని ప్రాథమిక విషయాలు తెలిస్తే చాలు.

వెబ్‌సైట్‌లో ఏమేం ఉంటాయి?

ముఖ్యంగా మూడు. మొదటిది డొమైన్, అంటే సైట్ పేరు. రెండోది సర్వర్, అంటే రోజంతా ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి ఉండే కంప్యూటర్. దాన్ని సాధారణంగా అద్దెకు తీసుకుంటాం. ఆ అద్దె సేవనే హోస్టింగ్ అంటారు. మూడోది సర్వర్‌లో ఉండే మీ ఫైళ్లు. వీటికి తోడు, ఫలానా పేరు టైప్ చేస్తే ఫలానా సర్వర్‌కు వెళ్లాలని చెప్పే డీఎన్ఎస్ అనే పద్దు ఉంటుంది.

సైట్ ఆగిందంటే వీటిలో ఏదో ఒకచోట తేడా వచ్చినట్టే. పేరు గడువు ముగిసిందా, సర్వర్ అద్దె కట్టలేదా, ఫైళ్లు పాడయ్యాయా అన్నది ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే.

డొమైన్ ఎవరి పేరు మీద ఉండాలి?

కచ్చితంగా మీ పేరు మీదే, లేదా మీ సంస్థ పేరు మీద. డొమైన్ 'కొన్నాం' అంటాం గానీ, అది గడువు ఉన్న హక్కు మాత్రమే. ఒకసారికి గరిష్ఠంగా 10 ఏళ్లకు తీసుకోవచ్చు. ఆ తర్వాత మళ్లీ రెన్యువల్ చేయాలి. మన దేశపు 'డాట్ ఇన్' పేర్ల వ్యవస్థను నిక్సీ అనే సంస్థ చూస్తుంది. అమ్మేది మాత్రం దాని గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్లు. తెలుగు లిపిలో 'డాట్ భారత్' పేర్లు కూడా ఉన్నాయి.

గడువు దాటిన వెంటనే పేరు చేజారిపోదు. 'డాట్ కామ్' పేరు డిలీట్ జాబితాలోకి వెళ్లాక కూడా 30 రోజుల విముక్తి గడువు ఉంటుంది. అయితే అప్పుడు మామూలు ఫీజుకు అదనంగా కట్టాలి. అదీ దాటితే ఆ పేరును ఎవరైనా తీసుకోవచ్చు. మీ సంచుల మీద ఉన్న అడ్రస్‌లో మరొకరి సరుకు కనిపించవచ్చు.

అందుకే డొమైన్ ఖాతాకు మీ సొంత మెయిల్, మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వండి. డెవలపర్‌కు పని చేయడానికి అనుమతి ఇస్తే చాలు, ఖాతాయే అప్పగించొద్దు.

ఎలాంటి సర్వర్ తీసుకోవాలి?

ఫోన్ నంబరు, ధరలు, ఫొటోలు మాత్రమే ఉండే సైట్‌కు పెద్ద సర్వర్ అవసరం లేదు. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట్ల అలాంటి పేజీలను ఉచితంగానే ఉంచవచ్చు. అమ్మకాలు, చెల్లింపులు లాంటివి మాత్రం అక్కడ కుదరవు. వర్డ్‌ప్రెస్‌తో సైట్ నడపాలంటే షేర్డ్ హోస్టింగ్ సరిపోతుంది. ఒకే సర్వర్‌లో చాలామంది అద్దెకుంటారు, దాని బాగోగులు కంపెనీ చూస్తుంది.

వీపీఎస్ అంటే సర్వర్‌లో మీకంటూ విడిగా కేటాయించిన భాగం. స్వేచ్ఛ ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. లినక్స్ అప్‌డేట్లు వేయడం, ఫైర్‌వాల్ పెట్టడం మీ పనే. సాధారణ వెబ్ సర్వర్‌కు బయటివాళ్ల కోసం 80, 443 పోర్టులు తెరిస్తే చాలు. సర్వర్‌లోకి మీరు వెళ్లే ఎస్ఎస్‌హెచ్ దారి మామూలుగా 22వ పోర్టు. దానికి పాస్‌వర్డ్ కంటే కీ ఫైల్ భద్రం. ఇవి నేర్చుకోకుండా వీపీఎస్ జోలికి వెళ్లొద్దు.

నడిచే సైట్‌కు ఏమేం చూసుకోవాలి?

అప్‌డేట్లు: వర్డ్‌ప్రెస్ సైట్లలోకి దొంగలు ఎక్కువగా దూరేది పాత ప్లగిన్ల ద్వారానే. వాడనివి తీసేయండి, వాడేవాటిని తాజాగా ఉంచండి.

సర్టిఫికెట్: ఇది లేకపోతే బ్రౌజర్ మీ సైట్‌ను 'సురక్షితం కాదు' అని చూపిస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా ఇస్తుంది. వ్యవధి తక్కువ కాబట్టి దానంతట అదే రెన్యువల్ అయ్యేలా పెట్టుకోవాలి.

బ్యాకప్: కాపీ అదే సర్వర్‌లో ఉంటే సర్వర్‌తో పాటే పోతుంది. ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. అప్పుడప్పుడు దాన్ని తెరిచి, సైట్ తిరిగి నిలబడుతుందో లేదో చూడండి.

ప్రభుత్వ సైట్లను చూసి ఏం నేర్చుకోవచ్చు?

నిజామాబాద్ జిల్లా అధికారిక సైట్‌నే తీసుకోండి. కలెక్టర్లు మారుతుంటారు, సైట్ మాత్రం ఆగదు. కారణం, అది ఏ ఒక్కరి ఖాతాలోనూ లేదు. జిల్లా సైట్ల కోసం ఎన్ఐసీ 'ఎస్3వాస్' అనే ఉమ్మడి వేదికను నడుపుతోంది. సర్వర్, భద్రత అది చూస్తుంది. సమాచారం పెట్టే పని జిల్లా యంత్రాంగానిది. మనిషి మారినా తాళంచెవి ఆఫీసులోనే ఉంటుంది. మీ స్కూలుకైనా, సొసైటీకైనా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. 'గవ్ డాట్ ఇన్' పేరు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అడ్రస్ చివర అది లేకుండా ప్రభుత్వ పథకం పేరుతో డబ్బు అడిగే సైట్ కనిపిస్తే ఆగి ఆలోచించండి.

ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అలాంటి ఊళ్లో పనికోసం వెతికే యువతకు ఇదో దారి. నెల రోజుల్లో ఉద్యోగం వస్తుందనే ప్రకటనలను మాత్రం నమ్మొద్దు.

క్రమం ఇలా ఉంటే మంచిది. పేజీ నిర్మాణానికి హెచ్‌టీఎంఎల్, రూపానికి సీఎస్ఎస్, బటన్ నొక్కితే పని జరగడానికి జావాస్క్రిప్ట్. ఆ తర్వాత లినక్స్ కమాండ్లు. మొదటి పాఠాలు ఫోన్‌లోనూ చేయొచ్చు, సర్వర్ పనికి మాత్రం కీబోర్డు ఉన్న కంప్యూటర్ కావాలి.

ఐఐటీ బాంబే 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాలు ఉచితం, కొన్ని తెలుగు ఆడియోతోనూ ఉన్నాయి. కేంద్రం నడిపే స్వయం పోర్టల్‌లో కోర్సు చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. నేరుగా శిక్షణ కావాలంటే రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ టాస్క్‌ను అడగండి. 2023 ఆగస్టులో ప్రారంభమైన నిజామాబాద్ ఐటీ హబ్‌లోనూ వాకబు చేయొచ్చు.

సైట్ హ్యాక్ అయితే?

ముందు హోస్టింగ్ కంపెనీకి చెప్పి సైట్‌ను తాత్కాలికంగా ఆపించండి. శుభ్రంగా ఉన్న మరో కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చండి. లాగ్ ఫైళ్లు చెరిపేయొద్దు, ఆధారాలు అవే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కంపెనీలు, సర్వీసు ప్రొవైడర్లు ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి.

ఈరోజే చేయాల్సిన పని

ఓ కాగితం తీసుకోండి. డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, ఏ మెయిల్ మీద ఉంది, గడువు ఎప్పుడు, హోస్టింగ్ ఎక్కడ, బ్యాకప్ ఎక్కడ.. ఈ ఐదూ రాయండి. పాస్‌వర్డులు ఆ కాగితం మీద వద్దు. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే సైట్ చేసినవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేయండి. వాళ్ల నంబరు పనిచేస్తున్నప్పుడే అడగడం సులువు.