24 ఆకులు కలిసేచోట

జాతీయ జెండా కొలతలను భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 1 అనే పత్రంలో ఖరారు చేసింది. అందులో తొమ్మిది సైజులున్నాయి. అన్నిటికన్నా పెద్ద జెండా 6,300 మిల్లీమీటర్ల పొడవు, 4,200 మిల్లీమీటర్ల ఎత్తు. అన్నిటికన్నా చిన్నది, బల్లల మీద నిలబెట్టేది, 150కి 100. ఎంత పెద్దదైనా చిన్నదైనా 3:2 నిష్పత్తి మారదు. చక్రంలో 24 ఆకుల లెక్కా మారదు. ఆ బల్లజెండా మీద అశోక చక్రం వ్యాసం 25 మిల్లీమీటర్లు.

150కి 100 అంటే గ్రీటింగ్ కార్డుకు చక్కగా అమరే కొలత. ఆగస్టు 15కో జనవరి 26కో సొంతంగా కార్డు చేసి ఇవ్వాలనుకునేవారికి ఇప్పుడు ఇంట్లో బల్ల మీద పట్టే ఎలక్ట్రానిక్ కటింగ్ మెషీన్లు దొరుకుతున్నాయి. క్రికట్, సిల్హౌట్, బ్రదర్ వంటి పేర్లతో వస్తున్న ఈ యంత్రాలకు కాషాయ, ఆకుపచ్చ పట్టీలు కోయడం చిటికెలో పని. ఇబ్బందంతా చక్రంతోనే. సన్నటి ఆకులు మధ్యకు చేరేసరికి కాగితం పీచులు లేచి చినుగుతుంది. దాంతో 16 ఆకులతోనో 12తోనో సరిపెట్టేస్తుంటారు. అలంకరణ తోరణాల మీదా బడి పిల్లల కార్డుల మీదా ఇలాంటి చక్రాలు తరచూ కనిపిస్తాయి. నా దృష్టిలో ఇది రాజీ పడవలసిన చోటు కాదు. కాగితం ఎలా తెగుతుందో, బ్లేడు ఎలా మలుపు తిరుగుతుందో అర్థమైతే 24 ఆకులనూ నిలబెట్టవచ్చు.

ఈ యంత్రం మనకు కొత్తదేమీ కాదు. ఆటోల వెనక పేర్లు, బైకుల నంబర్లు అతికించే రేడియం స్టిక్కర్ల దుకాణాల్లో ఉండే ప్లాటర్‌కు ఇది చిన్న రూపం. రెండింటి పనితీరూ ఒకటే. బ్లేడును పట్టుకున్న భాగం ఒక కడ్డీ మీద కుడిఎడమలకు జరుగుతుంది. కాగితాన్ని రోలర్లు ముందుకూ వెనక్కూ తిప్పుతాయి. ఒక మోటారు మాత్రమే కదిలితే నిలువు గీతో అడ్డగీతో వస్తుంది. రెండూ సమాన వేగంతో కదిలితే 45 డిగ్రీల వాలుగీత వస్తుంది. వేగాల నిష్పత్తి క్షణక్షణం మారుతూ ఉంటే వలయం వస్తుంది. ఇవి సాధారణంగా స్టెప్పర్ మోటార్లు. గిర్రున తిరగకుండా అడుగులు వేసినట్టు తిరుగుతాయి. బాగా వాడుకలో ఉన్న రకంలో ఒక పూర్తి చుట్టుకు 200 అడుగులు, అంటే అడుగుకు 1.8 డిగ్రీలు. ఆ అడుగునూ ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టి నడిపించవచ్చు. ప్లాటర్ల కోసం హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ తయారుచేసిన ఆదేశాల భాషలో దూరానికి ప్రమాణం 0.025 మిల్లీమీటరు. ఒక్క మిల్లీమీటరులో అలాంటివి 40 ఇముడుతాయి.

కాబట్టి చక్రం చెడిపోతే తప్పు మోటార్లది కాదు. వాటి కచ్చితత్వం మన అవసరానికి మించే ఉంది. చిక్కు బ్లేడులో ఉంది.

ఈ యంత్రాల్లో సాధారణంగా ఉండే బ్లేడును ఏ మోటారూ తిప్పదు. అది తన గొట్టంలో బేరింగుల మధ్య స్వేచ్ఛగా తిరుగుతుంది. దాని మొన గొట్టం నడిమి గీతకు సరిగ్గా కింద ఉండదు, సుమారు పావు మిల్లీమీటరు పక్కకు ఉంటుంది. ఆఫీసు కుర్చీ కింది చక్రాన్ని గమనించండి. కుర్చీని ఎటు తోస్తే చక్రం తనంతట తానే అటు తిరిగి వెనకాలే వస్తుంది. బ్లేడు మొనదీ అదే నడక. గొట్టం ఎటు వెళితే మొన దాని వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, పదునైన అంచు తనంతట తానే ప్రయాణ దిశకు తిరుగుతుంది. వంపు గీతల మీద ఈ ఏర్పాటు చాలా అందంగా పనిచేస్తుంది. మూల వచ్చినప్పుడే కష్టం. మూల దగ్గర మొన ఉన్నచోటే ఉండి దిశ మార్చుకోవాలంటే గొట్టం ఆ పావు మిల్లీమీటరు ముందుకెళ్లి, మొనను కేంద్రంగా చేసుకుని ఒక చిన్న చాపం గీయాలి. సాఫ్ట్‌వేరు ఈ అదనపు కదలికను మనకు చెప్పకుండానే చేర్చేస్తుంది. మూల 90 డిగ్రీలైతే కాగితం దాన్ని భరిస్తుంది. మూల మరీ సూదిగా ఉంటే బ్లేడు దాదాపు వెనక్కి తిరగాలి. ఆ తిరుగుడులో అది కాగితాన్ని కోయదు, కెలుకుతుంది.

ఇప్పుడు చక్రం లెక్క చూద్దాం. 360 డిగ్రీలను 24తో భాగిస్తే ఆకుకూ ఆకుకూ మధ్య 15 డిగ్రీలు. 25 మిల్లీమీటర్ల చక్రానికి బయటి చుట్టుకొలత 78.5 మిల్లీమీటర్లు. అక్కడ ఒక్కో ఆకు వాటాకు 3 మిల్లీమీటర్ల పైచిలుకు చోటు దక్కుతుంది, కోతకు ఏ ఇబ్బందీ లేదు. లోపలికి వచ్చేకొద్దీ ఆ చోటు కుంచించుకుపోతుంది. నడిమి బొడ్డు వ్యాసం 4 మిల్లీమీటర్లనుకుంటే దాని చుట్టుకొలత పన్నెండున్నర, ఒక్కో వాటా అర మిల్లీమీటరు. అందులో సగం ఆకుకు, సగం ఖాళీకి పోతే చెరో పావు మిల్లీమీటరు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల) కార్డు షీటు మందమే 0.3 మిల్లీమీటరు దాకా ఉంటుంది. అంటే మందం కన్నా సన్నటి ఆకును నిలబెట్టమని, మొన పక్కకు ఉన్న ఆ పావు మిల్లీమీటరు కన్నా పెద్దది కాని సందులో వెనక్కి తిరగమని బ్లేడును అడుగుతున్నాం. అది 24 సార్లు, ఒకదాని పక్కన ఒకటి.

దారి లెక్కలోనే ఉంది. బొడ్డు వ్యాసాన్ని 7 మిల్లీమీటర్లకు పెంచితే చుట్టుకొలత 22, ఒక్కో వాటా 0.9 మిల్లీమీటరు. ఆకుకు 0.4, ఖాళీకి 0.5 వస్తాయి. ఖాళీల సూది మూలలను డిజైన్‌లోనే కాస్త గుండ్రంగా మార్చాలి. బ్లేడు అప్పుడు ఆగి తిరగనక్కర్లేదు, వంపు వెంట జారిపోతుంది. చక్రం వరకు 250 జీఎస్ఎం వదిలి 120 జీఎస్ఎం దగ్గరి ముదురు నీలం కాగితం తీసుకుంటే ఇంకా తేలిక. బొడ్డు పెరిగితే మూలరూపం నుంచి కొంచెం పక్కకు జరిగినట్టే, నిజమే. అలా ఇష్టం లేకపోతే మరో మార్గముంది. బ్లేడు స్థానంలో పెన్ను పట్టే సౌకర్యం చాలా యంత్రాల్లో ఉంది. ఆకులను నీలం ఇంకుతో గీయించి, బయటి వలయాన్ని మాత్రమే కోయిస్తే కొలతలు చెక్కుచెదరవు. 16 ఆకుల కోత చక్రం కన్నా 24 ఆకుల గీత చక్రం వెయ్యి రెట్లు మేలు.

కొన్ని వందల గ్రాముల బరువుతో బ్లేడు కార్డు షీటును ఎలా కోయగలుగుతోంది? బరువు కన్నా అది ఎంత చోటులో పడుతోందన్నది ముఖ్యం. 200 గ్రాముల బరువు అంటే సుమారు 2 న్యూటన్ల బలం. అంచు మందం 5 మైక్రాన్లు, కాగితాన్ని తాకే పొడవు అర మిల్లీమీటరు అనుకుందాం. ఆ రవ్వంత చోటులో ఒత్తిడి వాతావరణ పీడనానికి 8,000 రెట్లవుతుంది. బ్లేడు అరిగి అంచు మందం నాలుగింతలైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అలాంటప్పుడు ఒత్తిడి సెట్టింగ్ పెంచడం కన్నా బ్లేడు మార్చడం మేలు. మొద్దుబారిన అంచు పీచులను తెంపదు, పక్కకు నెడుతుంది.

కాగితమంటే సెల్యులోజ్ పీచుల అల్లిక. మిల్లులో గుజ్జు కదిలే జల్లెడ మీద పడి ఆరేటప్పుడు పీచుల్లో ఎక్కువ భాగం ఆ కదలిక వెంబడే వరుసకడతాయి. అందుకే ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది. వాలు వెంబడి మడిస్తే గీత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పై పొర పగిలి తెల్లటి పీచులు బయటపడతాయి. వాలు కనుక్కోవడానికి షీటును రెండువైపులా మెల్లగా వంచి చూస్తే చాలు, ఎటు సులువుగా వంగితే మడత అటు. మన కార్డుకు 150కి 200 ముక్క కావాలి, 150 వైపుకు సమాంతరంగా మడత. ఏ4 షీటు వాలు సాధారణంగా దాని పొడవు వెంబడి ఉంటుంది కనుక 150 వైపును ఏ4 పొడవు మీద, 200 వైపును దాని 210 మిల్లీమీటర్ల వెడల్పు మీద పెట్టండి. మడత నిఖార్సుగా వస్తుంది.

సెల్యులోజ్‌కు నీరంటే విపరీతమైన ఇష్టం. గాలిలో తేమ పెరిగితే పీచులు దాన్ని పీల్చుకుని లావెక్కుతాయి, పొడవు మాత్రం పెద్దగా పెరగవు. అందుకని కాగితం వాలుకు అడ్డంగా సాగుతుంది. పీచులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాల మధ్యకు నీటి అణువులు చేరి పట్టు సడలిస్తాయి. మెత్తబడిన కాగితం బ్లేడుకు ఎదురు నిలవక, తెగేలోపు సాగి చినుగుతుంది. మన రెండు పండుగల్లో ఒకటి నడివానాకాలంలో, ఒకటి పొడి చలిలో వస్తుంది. జనవరిలో ముచ్చటగా తెగిన ఫైలే ఆగస్టులో మచిలీపట్నంలోనో కాకినాడలోనో నూగునూగుగా రావడానికి కారణం ఇది. వానాకాలంలో షీట్లను సీలు చేసిన కవరులో ఉంచి, కోసే ముందే బయటికి తీయాలి. వేగం తగ్గించాలి. అసలు కోతకు ముందు షీటు మూలన ఒక ఆకు సందు మాత్రం కోసి చూడాలి.

మచిలీపట్నం పేరు ఊరికే రాలేదు. దాని దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య దేశానికి ఒక జెండా ఉండాలని ఎన్నో నమూనాలతో 1916లో పుస్తకమే వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో గాంధీజీకి జెండా నమూనా అందించారు. తర్వాతి జెండాల్లో మధ్యన నూలు రాట్నం ఉండేది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో దాని స్థానంలోకి సారనాథ్ స్తంభం మీది చక్రం వచ్చింది. ఆ రోజు తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి కేవలం జ్యామితికి సంబంధించినది. జెండాకు రెండు వైపులుంటాయి. రాట్నం ఒకవైపు నుంచి ఒకలా, రెండోవైపు నుంచి తిరగబడి కనిపిస్తుంది. చక్రానికి ఆ బాధ లేదు. కాగితం కోసేవారికి ఇది పెద్ద వరం. రెండువైపులా కనిపించే బొమ్మ కోసం ఇంకోటి తిప్పి కోయనక్కర్లేదు, ఒకే ఫైలుతో రెండు చక్రాలు కోస్తే చాలు.

ఇక అమరిక. తెల్ల షీటు నుంచి చక్రాన్ని ఖాళీలుగా కోసి, వెనక నీలం కాగితం అతికించాలని మొదట తోస్తుంది. అది కుదరదు. వలయమూ ఆకులూ బొడ్డూ అన్నీ ఖాళీలైతే వాటి మధ్య మిగలాల్సిన 24 తెల్ల ముక్కలకు ఆధారమే ఉండదు, రాలిపోతాయి. నిమ్మలకుంట తోలుబొమ్మలాటవారికి ఈ సూత్రం కొట్టినపిండి. బొమ్మ నిండా వెలుగు దూరే రంధ్రాలు పొడుస్తారు, కానీ ప్రతి రంధ్రం చుట్టూ తోలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటుంది. మనమూ అదే చేయాలి. నీలం కాగితంలో ఖాళీలను తీసేసి, వలయం, ఆకులు, బొడ్డు ఒకే ముక్కగా మిగిలేట్టు కోయాలి. కార్డు ముందు అట్టలో తెల్ల పట్టీ మధ్యన 23 మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీ తెరిచి, ముందొక చక్రం, లోపలివైపు ఒక చక్రం ఆకుల మీద ఆకులు పడేట్టు అతికించాలి. కార్డు మూసి ఉంటే వెనక పేజీ తెలుపు సందుల్లోంచి కనిపిస్తుంది. తెరిచి పట్టుకుంటే 24 సందుల్లోంచీ వెలుగు వస్తుంది. పట్టీలు ఒక్కోటి 33.3 మిల్లీమీటర్లు, కాషాయం పైన.

శుభాకాంక్షలు ఎక్కడ రాయాలి? ముందు అట్ట మీద మాత్రం వద్దు. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971, జెండా బొమ్మను కూడా జెండాగానే లెక్కిస్తుంది, జెండా మీద రాతలు రాయడాన్ని తప్పుబడుతుంది. లోపలి పేజీ అంతా ఖాళీగానే ఉంది, అక్కడ తెలుగు అక్షరాలను కోసి అతికించండి. గుండ్రటి మన లిపికి ఈడ్చుకుపోయే బ్లేడు అచ్చంగా సరిపోతుంది. సూది మూలలు తక్కువ, వంపులు ఎక్కువ. అయితే ప, స వంటి అక్షరాల తలకట్టు, చాలా ఒత్తులు మూల అక్షరానికి అంటకుండా ఉంటాయి. కోసిన తర్వాత విడిముక్కలుగా ఎగిరిపోతాయి. వాటిని ముందే సాఫ్ట్‌వేరులో అక్షరానికి తగిలేట్టు జరిపి, వెల్డ్ అనే ఆదేశంతో ఒకే గీతగా కలపాలి. లేదా లావుపాటి ఫాంటు ఎంచుకోవాలి.

కోసే క్రమం కూడా ముఖ్యమే. ముందు 24 సందులు, చివర బయటి వలయం. వలయం ముందే తెగితే ఆ చిన్న బిళ్ల, కాగితాన్ని కింద నుంచి పట్టి ఉంచే జిగురు మ్యాట్ మీదే ఆధారపడి, ప్రతి సందు కోతకూ వెంట్రుకవాసి జరుగుతుంది. కోత పూర్తయ్యాక కాగితాన్ని మ్యాట్ మీంచి పైకి లాగకూడదు. లాగితే వంగేది కాగితం, వంగిన పీచులు ఆ వంపు మర్చిపోవు, ఆకులు ముడుచుకుంటాయి. మ్యాట్‌నే బోర్లించి, దాని అంచును మెల్లగా వెనక్కి వంచుతూ పోతే కాగితం చదునుగా ఉండి తనే విడివడుతుంది. అతికించడానికి నీళ్ల జిగురు వద్దు, సన్నటి కాగితం ఉబ్బుతుంది. వలయం మీదా బొడ్డు మీదా మాత్రం గ్లూ స్టిక్ తాకించి, పైన ఒక పుస్తకం బరువు పెట్టి పది నిమిషాలు వదిలేయండి.